ఆగస్టులో కాపు, నవంబరులో ఆకలి

పెరటి తోటలు ఉన్నవాళ్ల మీద అమెరికాలో ఒక పాత జోకు ఉంది. ఆగస్టులో కారుకి తాళం వేసేది దొంగల భయంతో కాదట, వేయకపోతే ఎవరో ఒకరు వెనక సీట్లో జుకీనీ కాయల (కీరా ఆకారంలో ఉండే గుమ్మడి జాతి కూరగాయ) సంచి పెట్టేసి పోతారని. ఆగస్టు 8ని 'పొరుగింటి అరుగు మీద గుట్టుగా జుకీనీ పెట్టి వచ్చే రోజు'గా సరదాకి జరుపుకునేవాళ్లూ ఉన్నారు. మన ఊళ్లలో సొరపాదు విరగకాసినప్పుడు జరిగేది కూడా ఇదే. మొదటి కాయ ఇస్తే సంబరపడతారు, నాలుగో కాయ పట్టుకెళ్తే "మా ఇంట్లోనూ ఉన్నాయమ్మా" అంటారు.

ఆ జుకీనీలు కుళ్లిపోతున్న ఊళ్లోనే నాలుగు వీధుల అవతల, లేనివాళ్లకు ఉచితంగా తిండి సామాను పంచే ఫుడ్ బ్యాంకు ముందు జనం లైను కట్టి ఉంటారు. వాళ్లు ఇంటికి తీసుకెళ్లే సంచిలో పాస్తా ఉంటుంది, డబ్బా చిక్కుళ్లు ఉంటాయి, పీనట్ బటర్ సీసా ఉంటుంది. ఆకుకూర ఉండే రోజులు తక్కువ. 2023లో అమెరికా కుటుంబాల్లో 13.5 శాతానికి, అంటే కోటి ఎనభై లక్షల ఇళ్లకు, ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు సరిపడా తిండికి కటకట తప్పలేదని అక్కడి వ్యవసాయ శాఖ లెక్క. ఒకవైపు మిగులు, మరోవైపు కొరత, మధ్యలో నాలుగు వీధులు. ఆ నాలుగు వీధులు దాటించడానికే వాలంటీర్లు నడిపే సామూహిక తోటలు పుట్టాయి. చూడ్డానికి ఇంత తేలికైన పని మరొకటి లేదనిపిస్తుంది. అది ఎక్కడెక్కడ ఇరుక్కుంటుందో చూడాలంటే సియాటిల్ తోటల కథ మంచి ఉదాహరణ.

ఇప్పుడు సియాటిల్ అంటే తెలుగువాళ్లకు మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఉద్యోగాలు గుర్తొస్తాయి. 1970లో ఆ ఊరు బోయింగ్ మీద బతికేది. విమానాల ఆర్డర్లు పడిపోయాయి, 1971 మార్చిలో సూపర్‌సోనిక్ ప్రయాణికుల విమానం ప్రాజెక్టుకు సెనేట్ నిధులు ఆపేసింది. 1970 మొదట్లో ఆ ప్రాంతంలో 80,400 మంది ఉన్న బోయింగ్ సిబ్బంది 1971 అక్టోబరుకల్లా 37,200కి పడిపోయారు. "సియాటిల్ వదిలి వెళ్లే చివరి మనిషి లైట్లు ఆర్పి వెళ్లాలి" అని ఇద్దరు రియల్ ఎస్టేట్ ఏజెంట్లు విమానాశ్రయం దగ్గర హోర్డింగ్ పెట్టింది అప్పుడే. నిన్నటిదాకా ఇంజనీరుగా పనిచేసినవాడు ఇవాళ ఉచిత తిండి లైనులో నిలబడే పరిస్థితి. చర్చిల అండతో 'నైబర్స్ ఇన్ నీడ్' అనే సహాయ కార్యక్రమం ఊరంతా తిండి పంచింది. సోదర నగరమైన జపాన్‌లోని కోబె నుంచి కూడా తిండి సామాను వచ్చింది.

ఊరికి ఈశాన్యాన వెడ్జ్‌వుడ్ అనే పేటలో పికార్డో అనే ఇటాలియన్ వలస కుటుంబానికి కూరగాయల పొలం ఉండేది. కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడ్డ నల్లటి పీట్ నేల. వాళ్లు సాగు తగ్గించుకున్నాక, ఆ పేటలో ఉండే ఒక విద్యార్థిని వెళ్లి కొంత జాగా అడిగింది. పక్కనే ఉన్న బడి పిల్లల చేత కూరగాయలు వేయించి 'నైబర్స్ ఇన్ నీడ్'కు ఇవ్వాలని ఆమె ఆలోచన. పొలం నడిమధ్య పెద్ద మడి ఆకలితో ఉన్నవాళ్లది. ఆ మడిలో పనికి వచ్చే కుటుంబాలకు సొంతానికి వేసుకోమని చుట్టూ అంచుల్లో చిన్న చిన్న మళ్లు. 1973లో నగరపాలక సంస్థ దాన్ని తన చేతిలోకి తీసుకుని పీ-ప్యాచ్ అని పేరు పెట్టింది. 'పీ' అంటే బఠాణీ కాదు, పికార్డో.

ఇవాళ సియాటిల్‌లో పీ-ప్యాచ్ తోటలు దాదాపు 90 ఉన్నాయి. అయితే ఆ మొదటి పటం ఇప్పుడు తిరగబడింది. సొంత మళ్లే తోటంతా పరుచుకున్నాయి. దానం కోసం పండించే 'గివింగ్ గార్డెన్' చాలా చోట్ల ఒక మూలన రెండు మూడు మళ్లకు సర్దుకుంది. ఇందులో ఎవరి కుట్రా లేదు. సొంత మడి కావాలనే వాళ్లు ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉంటారు, అందరిదీ అయిన మడికి అలా ఎవరూ లైను కట్టరు. మడి తీసుకున్నవాళ్లు ఏడాదికి కొన్ని గంటలు తోట ఉమ్మడి పనికి ఇవ్వాలి, రసాయన పురుగుమందులు వాడకూడదు, పండింది అమ్ముకోకూడదు. తినగా మిగిలింది ఎటు పోవాలో ఆ చివరి నిబంధనే చెప్పకుండా చెబుతుంది.

ఇంతకీ ఎంత పోతోంది? మంచి ఏడాదుల్లో ఈ తోటలన్నీ కలిపి ఫుడ్ బ్యాంకులకు ఇచ్చినది 40,000 పౌండ్లు దాటింది, అంటే సుమారు 18 టన్నులు. వినడానికి ఘనంగా ఉంది. మనిషికి రోజుకు కనీసం 400 గ్రాముల పళ్లు, కూరగాయలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ లెక్కన 18 టన్నులు 45,000 రోజుల కోటా. ఒక మనిషికి ఏడాదికి 365 రోజులు కాబట్టి, తొంభై తోటల దానం కలిపితే దాదాపు 123 మందికి ఏడాదిపాటు సరిపోతుంది. ఏడు లక్షలు దాటిన జనాభా ఉన్న నగరంలో ఇది ఏ మూలకి?

తోటల అభిమానులు ఈ లెక్క జోలికి వెళ్లరు, విమర్శకులు ఇక్కడే ఆగిపోతారు. రెండూ పొరపాటే. కడుపు నింపడం ఒక పని, కంచంలో లేనిది తెచ్చి వేయడం ఇంకో పని. రెండింటికీ ఒకే తూకంరాయి పనికిరాదు.

చరిత్రలో తోటలు నిజంగా కడుపు నింపిన సందర్భాలు ఉన్నాయి. 1893 ఆర్థిక సంక్షోభం తర్వాత డెట్రాయిట్ మేయర్ హేజెన్ పింగ్రీ ఊళ్లో ఖాళీగా పడి ఉన్న స్థలాలను నిరుద్యోగులకు సాగుకి ఇప్పించాడు. 1894లో 430 ఎకరాల దాకా పోగయ్యాయి. విత్తనాలకు డబ్బు చాలక తన గుర్రాన్ని వేలం వేశాడు. పత్రికలు ఆయన్ని 'బంగాళాదుంపల పింగ్రీ' అని ఎగతాళి చేశాయి, ఆ పేరే నిలబడిపోయింది. ఆ తోటల్లో ప్రధాన పంట ఏమిటో ఆ పేరే చెబుతోంది. వంద గ్రాముల బంగాళాదుంపలో 77 కేలరీలు ఉంటాయి, సలాడ్‌లో వేసే లెట్యూస్ ఆకులో 15. రోజుకు రెండు వేల కేలరీలు లెట్యూస్ నుంచే రావాలంటే పదమూడు కిలోలు నమలాలి! రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దేశమంతా రెండు కోట్ల 'విక్టరీ గార్డెన్లు' వేసి తాజా కూరగాయల్లో దాదాపు 40 శాతం అందించారని చెబుతారు. అది ప్రభుత్వం వెనక నిలబడి, రేషన్ల కాలంలో జనమంతా కదిలితే జరిగిన పని.

ఇవాళ్టి పరిస్థితి వేరు. చవక కేలరీలు అమెరికాలో దొరకని సరుకు కాదు. పేదవాడికి అందనిది కోసి రెండు రోజులు కాని ఆకుకూర, మాగిన టమాటా, చేతిలో విరిగే పచ్చి బీన్స్. ఫుడ్ బ్యాంకు వ్యవస్థ మొదటినుంచీ నిల్వ ఉండే సరుకు మీద, దుకాణాలు, కంపెనీలు వదిలించుకునే మిగులు మీద నడిచేది. 1967లో ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ మొదటి ఫుడ్ బ్యాంకు పెట్టింది పారబోసే తిండి పనికొచ్చేదే కదా అన్న ఆలోచనతోనే. దుకాణం వదిలేసే పాలకూర కట్ట ఏ స్థితిలో ఉంటుందో ఊహించుకోవచ్చు. తోట అందించగలిగిన తేడా ఆ ఒక్క చోటే, అందుకే ఆ తేడా పోకుండా ఫుడ్ బ్యాంకు బల్ల దాకా చేర్చడమే అసలు పని.

ఆ పని దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. ఫుడ్ బ్యాంకు శనివారం ఉదయం తెరుస్తుంది అనుకుందాం. లెట్యూస్ శుక్రవారం పొద్దున్నే, మంచు తడి ఆరకముందు కోయాలి. మధ్యాహ్నం కోస్తే ఆకు వేడి పట్టి గంటలో వాడిపోతుంది. కోసిన వెంటనే చల్లని నీళ్ల తొట్టిలో ముంచాలి, అది మట్టి పోవడానికి కాదు, ఆకులోని వేడి దిగడానికి. రెండోసారి ముంచితే మట్టి, నత్తలు పోతాయి. సియాటిల్ తోటల్లో నత్తలకు కొదవ లేదు. నీళ్లు వడకట్టి, సంచుల్లో వదులుగా కట్టి, 4 డిగ్రీల చలిలో పెట్టాలి. చార్డ్ అనే ఆకుకూర అయితే మొక్క పీకరు, బయటి ఆకులు విరిచి లోపలి మొగ్గను వదిలేస్తారు, వారం తిరిగేసరికి మళ్లీ కోతకు వస్తుంది. పదేసి కాడలు రబ్బరు బ్యాండుతో కట్ట కట్టి, తూకం వేసి, షెడ్డు గోడకి వేలాడే పుస్తకంలో తేదీ, పౌండ్లు రాస్తారు. అప్పుడు ఎవరో ఒకరు కారు తేవాలి. ఆ శుక్రవారం ఆ ఒక్కరికి ఫ్లూ వస్తే పొద్దున్నించీ పడ్డ కష్టమంతా కంపోస్టు గుట్టలోకి పోతుంది. ఫ్రిజ్‌లో చోటు లేని చిన్న ఫుడ్ బ్యాంకుకైతే శుక్రవారం సరుకు దండగ, శనివారం తెల్లవారుజామునే కోసి తేవాలి. అంటే పంటల పట్టిక కంటే ముందు తెలుసుకోవాల్సింది ఫుడ్ బ్యాంకు ఏ రోజు తెరుస్తుందో, దాని ఫ్రిజ్ ఎంతుందో.

ఏం పండించాలి అన్నది ఇంకో చిక్కు. తోటవాళ్లకు ఇష్టమైనవి, తినేవాళ్లకు ఇష్టమైనవి ఒకటి కావు. ఊదారంగు నూల్‌కోల్, రంగురంగుల చార్డ్, ముడతల కేల్ ఆకు మడిలో అందంగా ఉంటాయి, ఫుడ్ బ్యాంకు బల్ల మీద సాయంత్రం దాకా అలాగే ఉంటాయి. ఉల్లికాడలు, కొత్తిమీర, క్యారెట్లు, టమాటాలు అరగంటలో అయిపోతాయి. ఆ లైనులో వియత్నాం నుంచి, సొమాలియా నుంచి, మెక్సికో నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లకు కేల్ ఎంత పరాయిదో, గోంగూర ఎరగని అమెరికన్‌కి గోంగూర అంత పరాయిది. సియాటిల్ శివార్లలో పెరట్లో గోంగూర వేసి చూసిన తెలుగువాళ్లకు అక్కడి వేసవి సంగతి తెలుసు: మొక్క బతుకుతుంది కానీ ఆ వేడి చాలక గుబురు కట్టదు. తోటకూర కాస్త నయం. కాబట్టి జనం అడిగేదల్లా వేయడం కూడా కుదరదు, వాతావరణం ఒప్పుకోవాలి.

ఇంకా ముఖ్యమైన తేడా వంటింటిది. కారులో పడుకునేవాడికి, గుడారంలో ఉండేవాడికి పొయ్యి ఉండదు. వాళ్లకు కాలీఫ్లవర్ ఇవ్వడం మర్యాదగా కాదనడం లాంటిదే. కడిగి అలాగే నోట్లో వేసుకునే చెర్రీ టమాటాలు, తొక్కతో తినే లేత బఠాణీ, కీరా కావాలి. ఈ ఒక్క విషయం ఫుడ్ బ్యాంకు సిబ్బందిని అడిగి తెలుసుకున్న తోటకు, అడగని తోటకు మధ్య ఫలితంలో ఎంతో తేడా వస్తుంది. దీనికి ఖర్చేమీ లేదు, ఒక ఫోన్ కాల్. ఐనా చాలామంది అడగరు, దానం చేసేవాళ్లకు అడిగే అలవాటు తక్కువ.

ఇక పౌండ్ల సంగతి. గ్రాంట్లు ఇచ్చేవాళ్లు ఎన్ని పౌండ్లు ఇచ్చారని అడుగుతారు. ఆ ప్రశ్న మెల్లగా మడిలోకి దిగుతుంది. జుకీనీ కొన్నాళ్లు కోయడం మరిచిపోతే గదలా పెరిగి కిలోన్నర తూగుతుంది, లెక్కల పుస్తకంలో అది గొప్ప పంట. తినడానికి మాత్రం బెండులా ఉంటుంది. కిలోన్నర కొత్తిమీర పోగవ్వాలంటే ఎన్ని కట్టలు కట్టాలి! తూకమే కొలబద్ద అయినప్పుడు బరువైనవి గెలుస్తాయి, కావలసినవి ఓడిపోతాయి. బల్ల మీద ఎంత మిగిలిపోయిందో రాసుకుంటే దానివల్ల ఎక్కువ తెలుస్తుంది, కానీ మిగిలిపోయిన లెక్క అడిగే గ్రాంటు దరఖాస్తులు అరుదు.

వాలంటీర్ల విషయానికి వస్తే, ఏప్రిల్‌లో వచ్చినంత జనం ఆగస్టులో రారు. నాటడం పండుగ, ఫొటోలు వస్తాయి, పిల్లలు మట్టిలో ఆడతారు. కోత మాత్రం చాకిరీ. బీన్స్ రెండు మూడు రోజులకోసారి కోయకపోతే గింజ ముదిరి, మొక్క కాపు ఆపేస్తుంది. సరిగ్గా అప్పుడే బడులకు సెలవులు, ఊరంతా టూర్లు. దానికి తోడు నీళ్లు. సియాటిల్ అంటే ఎప్పుడూ వాన అనుకుంటాం కానీ అక్కడ వాన చలికాలపు ముసురు. జులై, ఆగస్టుల్లో నేల ఎండిపోతుంది. ఏడాది మొత్తం మీద ఆ ఊళ్లో కురిసేది హైదరాబాద్ కంటే మరీ ఎక్కువేం కాదు. పంట పెరిగే నెలల్లోనే వాన ఉండదు కాబట్టి, రోజు విడిచి రోజు ఎవరో ఒకరు గొట్టం పట్టుకోవాలి. సొంత మడి ఉన్నవాళ్లు వస్తారు, తమ మడి తడుపుకుని పోతారు. గివింగ్ గార్డెన్ ఎండిందంటే ఎవరి తప్పూ కాదు, అందరి పని ఎవరి పనీ కాకుండా పోతుంది. ఏళ్ల తరబడి నిలబడ్డ తోటలను చూస్తే, ఎక్కువ మంది ఉన్నవాటి కంటే వారానికో పేరు రాసిన బోర్డు ఉన్నవి, ఆ బోర్డు దగ్గర కసురుకునే మనిషి ఒకరు ఉన్నవి బాగా నడుస్తాయి. ఆ కసురుకునే మనిషికి జీతం ఇవ్వాలా వద్దా అన్నది తోటల్లో తెగని వాదం. పూర్తిగా వాలంటీర్ల మీదే నడవాలన్న పట్టుదల గొప్పదే, కానీ కోతలు, రవాణా చూసే ఒక్క పార్ట్‌టైమ్ ఉద్యోగి ఉన్నా ఆగస్టు గండం గట్టెక్కుతుంది.

నేల గురించి ఒక మాట. నగరపు ఖాళీ స్థలాల్లో పాత ఇళ్ల పెయింటు నుంచి రాలిన సీసం ఉండొచ్చు. ఇళ్లకు వేసే పెయింటులో సీసాన్ని అమెరికా నిషేధించింది 1978లో. సియాటిల్‌కి దక్షిణాన టకోమాలో అసార్కో కంపెనీ లోహాల కొలిమి దశాబ్దాల పాటు నడిచి 1980ల నడుమ మూతపడింది. దాని పొగగొట్టం వదిలిన ఆర్సెనిక్, సీసం వెయ్యి చదరపు మైళ్లకు పైగా పరుచుకున్నాయి. ఆ దక్షిణాన పేద పేటలు ఎక్కువ. అక్కడ మట్టి పరీక్ష చేయించకుండా, చెక్క పెట్టెల్లో కొత్త మట్టి పోసి ఎత్తు మళ్లు కట్టకుండా పండించి పంచడం ధర్మం కాదు.

చట్టం వైపు నుంచి పెద్ద అడ్డు లేదు. మంచి నమ్మకంతో స్వచ్ఛంద సంస్థకు ఇచ్చిన తిండి వల్ల ఏదైనా జరిగినా, దారుణమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప దాత మీద కేసు నిలబడకుండా 1996లో బిల్ ఎమర్సన్ చట్టం వచ్చింది. దానికి ముందు ఏడాదే అలాస్కాలోని యాంకరేజ్‌లో జెఫ్ లోవెన్‌ఫెల్స్ అనే తోటల కాలమిస్టు, ప్రతి ఒక్కరూ తమ తోటలో ఒక వరస అదనంగా వేసి ఆకలిగొన్నవాళ్లకు ఇవ్వమని పాఠకులను అడిగాడు. ఆ పిలుపు దేశమంతా పాకింది.

భూమి మాత్రం పెద్ద అడ్డే. లాస్ ఏంజెలెస్‌లో 14 ఎకరాల సౌత్ సెంట్రల్ ఫార్మ్‌ను 2006లో పోలీసులతో ఖాళీ చేయించారు. న్యూయార్క్‌లో 1999లో వందకు పైగా తోటలను నగరం వేలానికి పెడితే రెండు సంస్థలు చివరి నిమిషంలో కొని కాపాడాయి. సియాటిల్ తోటలు ఎక్కువ భాగం నగరం నీడలో ఉండబట్టే యాభై ఏళ్లు దాటి నిలిచాయి. ఆపిల్ చెట్టు నాటాలంటే రేపు ఈ నేల ఉంటుందన్న నమ్మకం ఉండాలి. అద్దె జాగాలో లెట్యూసే వేస్తారు.

అన్నిటికీ మించి ఒక పోలిక మరువకూడదు. ఫుడ్ బ్యాంకులు ఒక పూట తిండి ఇస్తుంటే ప్రభుత్వ ఆహార సాయ పథకం స్నాప్ తొమ్మిది పూటలు ఇస్తోందని ఫుడ్ బ్యాంకుల జాతీయ సంస్థ ఫీడింగ్ అమెరికాయే చెబుతుంది. తోట ఆ ఒక్క పూటలో కొత్తిమీర. (స్నాప్ కార్డుతో కూరగాయ విత్తనాలు, నారు కూడా కొనుక్కోవచ్చు, 1973 నుంచీ ఆ వీలుంది. తెలిసినవాళ్లు తక్కువ.) 2025లో స్థానిక రైతుల దగ్గర కొని ఫుడ్ బ్యాంకులకు ఇచ్చే కేంద్ర నిధులను వ్యవసాయ శాఖ రద్దు చేసినప్పుడు, "పర్వాలేదు, వాలంటీర్ల తోటలు ఉన్నాయిగా" అనుకుంటే 123 మంది లెక్కను మరిచినట్టే. ఆ తోటలను పొగిడేవాళ్లలో కొందరికి ఆ మాట వీలుగా ఉంటుంది కూడా.

అదే ఏడాది ప్రభుత్వ షట్‌డౌన్ (బడ్జెట్ ఆమోదం కాక ప్రభుత్వ పనులు ఆగిపోవడం) వల్ల నవంబరులో చాలామందికి స్నాప్ సొమ్ము సమయానికి రాలేదు, ఫుడ్ బ్యాంకుల ముందు లైన్లు పెరిగాయి. నవంబరులో సియాటిల్ తోటలో ఏముంటుంది? టమాటా తీగలు అక్టోబరు వానకే తెగులు పట్టి పోయాయి. బీన్స్ ఎప్పుడో అయిపోయాయి. మిగిలింది కేల్, లీక్స్ అనే ఉల్లి జాతి కాడలు, జులైలో గుర్తుపెట్టుకుని విత్తిన తోటలోనైతే క్యారెట్లు. ఆగస్టులో కారు సీట్లలో పెట్టి పారిపోయేంత కాపు, అవసరం ముదిరిన నెలలో ఖాళీ మళ్లు. అందుకే కొన్ని తోటలు ఇప్పుడు వేసవి దిగుబడి కొంత వదులుకుని శీతాకాలపు గుమ్మడి, బంగాళాదుంప, వెల్లుల్లి లాంటి నిల్వ పంటల వైపు తిరుగుతున్నాయి. మందపాటి తొక్క ఉన్న గుమ్మడికాయకు ఫ్రిజ్ అక్కర్లేదు, శనివారమే ఇవ్వాలన్న తొందరా లేదు. పింగ్రీ దారిలోకి సగం దూరం వెనక్కి వెళ్లడం ఇది.

విత్తనాల ఆర్డర్లు జనవరిలో పెడతారు. తెలివైన తోటల్లో ఆ పనికి కూర్చునే ముందు ఫుడ్ బ్యాంకు మనిషిని పిలిచి, పోయినేడు బల్ల మీద మిగిలిపోయినవి ఏవో చెప్పమంటారు. నూల్‌కోల్ పేరు మీద గీత పడుతుంది. కొత్తిమీర పక్కన మళ్లీ విత్తాల్సిన తేదీలు రాస్తారు, మూడు వారాలకోసారి.